కోటు మారింది, ముఖం అదే

'రిప్ వాన్ వింకిల్' అనగానే అందరికీ 20 ఏళ్ల నిద్రే గుర్తొస్తుంది. నన్ను మాత్రం అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ 1819లో ప్రచురించిన ఆ కథ దగ్గరికి మళ్లీ మళ్లీ లాక్కెళ్లేది సత్రం ముందు వేలాడే బోర్డు.

భార్య పోరు పడలేక రిప్ కుక్కను వెంటబెట్టుకుని క్యాట్‌స్కిల్ కొండలెక్కుతాడు. అక్కడ కనిపించిన వింత మనుషుల పీపాలోని మద్యం తాగి నిద్రపోతాడు. లేచి ఊళ్లోకి వస్తే బోర్డు మీద బ్రిటన్ రాజు జార్జి ముఖం అలాగే ఉంది. ఎర్రకోటు మాత్రం నీలంగా మారింది, రాజదండం పోయి కత్తి వచ్చింది, కింద జనరల్ వాషింగ్టన్ అని పేరు! రిప్ నిద్రలో ఉండగానే వాషింగ్టన్ సేనలు బ్రిటన్ పాలనను దించేశాయి. ఆ విప్లవం మొత్తం ఆ రంగు మార్పులో ఇమిడిపోయింది. ఆ రోజు ఎన్నికలు. ఎవరికి ఓటేశావని జనం నిలదీస్తే, 'నేను రాజుగారి నమ్మిన బంటుని' అంటాడు పాపం. వెంటనే గూఢచారి అంటూ కేకలు. అచ్చం తనలాగే ఉన్న కొడుకును చూసి, ఇంతకీ నేనెవరిని అని అయోమయంలో పడతాడు. అక్కడ నవ్వు ఆగి గుండె బరువెక్కుతుంది.

మన భాగవతంలో ముచుకుందుడూ యుగాల నిద్ర తర్వాత గుహలోంచి బయటికొచ్చి, మనుషులు, చెట్లు చిన్నవైపోయాయని గమనిస్తాడు. ఆయన కలికాలం వచ్చిందని గ్రహించి తపస్సుకు వెళ్లిపోతాడు. రిప్‌కు ఆ దారి లేదు. మారిపోయిన ఊళ్లోనే బతకాలి.

ఇర్వింగ్ పుట్టింది 1783లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగిసిన ఏడాదే. కుటుంబ వ్యాపారం దివాలా తీశాక, ఇంగ్లండులో ఉంటూ, ఒక జర్మన్ జానపద కథను హడ్సన్ నది ఒడ్డుకు తెచ్చాడు. కొత్త దేశానికి పాత జ్ఞాపకాలు కావాలి మరి. ఇర్వింగే రాసిన 'స్లీపీ హాలో' కథలో తల లేని గుర్రపు రౌతు కూడా ఆ యుద్ధంలోనే ఫిరంగి గుండుకు తల పోగొట్టుకున్న హెస్సియన్ (బ్రిటన్ తరఫున పోరాడిన జర్మన్ కిరాయి) సైనికుడని ఊరివాళ్ల నమ్మకం. అంటే ఆ దయ్యం కూడా దేశం ఈడుదే. న్యూయార్క్ రాష్ట్రంలోని నార్త్ టారీటౌన్ ప్రజలు 1996లో ఓటేసి తమ ఊరి పేరును స్లీపీ హాలోగా మార్చుకున్నారు. ఇర్వింగ్ సమాధి ఆ ఊళ్లోనే ఉంది.