మోంటానా బైసన్‌ల మీద తిరుగుతున్న మెసేజ్‌లో నిజం ఎంత?

వారం రోజులుగా మా ఊరి రైతుల వాట్సాప్ గ్రూపులో ఒకే మెసేజ్ తిరుగుతోంది, నాలుగోసారి వచ్చాక ఇక రాయకుండా ఉండలేకపోయాను. సంగతేంటంటే, అమెరికాలోని మోంటానాలో పర్యావరణం పేరు చెప్పి డబ్బున్నవాళ్లు రైతుల భూములు లాక్కుంటున్నారట, ఎప్పుడో వాటంతట అవే అంతరించిపోయిన బైసన్ అనే పెద్ద అడవి పశువులను తెచ్చి అక్కడ వదులుతున్నారట, అవి పంటలు తొక్కేసి ఆవులకు రోగాలు అంటిస్తున్నాయట, ఊళ్లు ఖాళీ అయిపోతున్నాయట, రేపు మన దగ్గరా ఇదే జరుగుతుందట. ఒక్క రాత్రిలో అడవి పందులు వేరుశనగ చేనంతా తవ్విపోసిన అనుభవం మా ఇంట్లోనూ ఉంది, కాబట్టి ఇది చదివితే ఎవరికైనా ఎందుకు ఒళ్లు మండుతుందో తెలుసు. అయినా ఇందులో చాలావరకు తప్పు, నిజం కాస్త ఉన్నచోట కూడా నింద మోస్తున్నది వేరే జంతువు.

ముందు "లాక్కుంటున్నారు" అన్న మాట. ఇదంతా మోంటానాలోని ఫిలిప్స్ కౌంటీ (మన జిల్లాలాంటిది) చుట్టుపక్కల కథ. అమెరికన్ ప్రెయిరీ అనే లాభాపేక్ష లేని సంస్థ 2001లో పుట్టింది, భూములు కొనుక్కుంటూ 2005లో విండ్ కేవ్ నేషనల్ పార్క్ నుంచి 16 బైసన్‌లను తెచ్చుకుంది. అమ్ముతామన్నవాళ్ల దగ్గరే కొంటుంది, ఆస్తిపన్ను కడుతుంది. భూసేకరణ నోటీసు అంటే ఏంటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు, అలాంటిదేమీ అక్కడ లేదు. పైగా ఆ సంస్థ నేల మీద కౌలుకు మేసే పక్క రైతుల ఆవులు బైసన్‌ల కంటే ఎక్కువ.

పక్కవాళ్లకు బాధ లేదా అంటే ఉంది. విరాళాల డబ్బుతో వచ్చినవాడితో పోటీపడి, ఆవుల మీద బతికే కుర్రాడు నాలుగు ఎకరాలు కలుపుకోవాలంటే ఎలా కలుపుకుంటాడు? "కౌబాయ్‌ని కాపాడండి" అని రోడ్ల పక్కన బోర్డులు పెట్టింది అందుకే. అది న్యాయమైన గొడవే, కాకపోతే భూమి ధర గొడవ. అదే నేలను ఇంకో డబ్బున్నవాడు వేట సరదాకి కొన్నా ఆ కుర్రాడి గతి అంతే, అప్పుడు మాత్రం మెసేజ్‌లు రావు.

"వాటంతట అవే అంతరించాయి" అన్నది మరీ ఘోరం. కోట్లలో ఉన్న బైసన్‌లను 1870లలో, 80లలో తోళ్ల కోసం తుపాకులతో కాల్చి వెయ్యి లోపుకు తెచ్చారు. మైదానాల్లోని ఆదివాసీ తెగలకు తిండి, బట్ట, గుడారం అన్నీ ఆ జంతువే కాబట్టి అది పోతే వాళ్లు లొంగుతారన్న లెక్క సైన్యంలో పెద్దలకు ఉండేది. మిగిలిన ఎముకలను కూడా ఏరి రైళ్లకెత్తి ఎరువుకు అమ్ముకున్నారు.

ఇక పంటలు. అక్కడ ఎక్కువ భాగం వానలు తక్కువ పడే గడ్డి నేల, బైసన్‌లను తోలింది గోధుమ చేలలోకి కాదు. పేరుకి అడవి జంతువు గానీ ఆ సంస్థ మందకు మోంటానా చట్టంలో పశువుల హోదానే, చుట్టూ కరెంటు కంచె ఉంటుంది. తప్పించుకుపోవా అంటే, పోతాయి. మెసేజ్ రాసినవాడికి తెలియలేదు గానీ కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్కులో సరిగ్గా అదే జరిగింది. 2017లో 16 బైసన్‌లను తెచ్చారు, ఏడాదికి పైగా దొడ్డిలో అలవాటు చేసి 2018 వేసవిలో గేటు తీశారు, కొద్ది రోజులకే రెండు మగవి హద్దు దాటాయి. ఒకదాన్ని కాల్చి చంపాల్సి వచ్చింది, రెండోదాన్ని పట్టుకున్నారు. మిగిలినవి అక్కడే నిలిచి వంద దాటాయి.

అసలు విషయం రోగం దగ్గరుంది. మన పశువైద్యులు ఈసుడు రోగం అనే బ్రూసెల్లోసిస్ ఇది, చూడి పశువు ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది, మనుషులకూ అంటుతుంది. యెల్లోస్టోన్ నేషనల్ పార్క్ బైసన్‌లలో ఈ రోగం ఉంది, కాదనను. 1917లోనే అక్కడ కనిపెట్టారు, వాటికి అంటించింది బయటి నుంచి వచ్చిన ఆవులే. మరి ఇప్పుడు ఆవులకు ఎవరు అంటిస్తున్నారు? 2017లో అమెరికా నేషనల్ అకాడమీస్ అనే శాస్త్రవేత్తల సంస్థ ఇచ్చిన నివేదిక చూస్తే, 1998 నుంచి యెల్లోస్టోన్ చుట్టుపక్కల మందల్లో బయటపడిన కేసులన్నీ ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పి వైపే చూపిస్తున్నాయి. 2008లో మోంటానా "రోగం లేని రాష్ట్రం" గుర్తింపు పోగొట్టుకుంది, రైతులు పరీక్షలకీ తిరుగుళ్లకీ డబ్బు పోసి ఏడాదికి తిరిగి తెచ్చుకున్నారు, ఆ టెన్షన్ నిజమైనదే. 2007-08 చలికాలంలో యెల్లోస్టోన్ మంద నుంచి పదహారు వందలకు పైగా బైసన్‌లను తీసేశారు, ఎక్కువ వాటిని వధకే. ఎల్క్‌లు మాత్రం కొండల్లో స్వేచ్ఛగానే తిరిగాయి, ఎందుకంటే వాటి వేట మీద బోలెడు డబ్బు వస్తుంది. ఇంకోటి, మెసేజ్‌లో తిడుతున్న మంద యెల్లోస్టోన్‌ది కాదు. యెల్లోస్టోన్ నుంచి ఫోర్ట్ పెక్‌లోని ఆదివాసీ తెగలకు 2012లో బైసన్‌లను ఇచ్చినప్పుడు కూడా ఏళ్ల తరబడి విడిగా ఉంచి, పదే పదే రక్తపరీక్షలు చేశాకే పంపారు.

"ఆవులు మేసినా బైసన్ మేసినా గడ్డి ఒకటే కదా" అని గ్రూపులో ఒకాయన అడిగారు, మంచి ప్రశ్న. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో కొంజా ప్రెయిరీ అనే గడ్డి మైదానంలో దాదాపు ముప్పై ఏళ్లు చూసి 2022లో ఫలితాలు ప్రకటించారు. అసలు మేపని నేలతో పోలిస్తే ఏడాది పొడుగునా బైసన్ మేసిన నేలలో స్థానిక మొక్కల రకాలు ఇంచుమించు రెట్టింపయ్యాయి, వేసవిలో ఆవులు మేసిన చోట కూడా పెరిగాయి గానీ అంత కాదు. బైసన్ ఎక్కువగా గడ్డే తింటుంది, పూల మొక్కల జోలికి పెద్దగా పోదు, పైగా ఒకేచోట దొర్లి దొర్లి చేసిన గుంటల్లో వాననీళ్లు నిలుస్తాయి. ఇందుకని ఆవులు పనికిరావని నేననడం లేదు, ఆవులతోనూ గడ్డి నేలకు మేలే జరిగింది.

ఊళ్లు ఖాళీ అవడం గురించి ఒక్క మాట చాలు. ఫిలిప్స్ కౌంటీ మన పాత గుంటూరు జిల్లా కంటే పెద్దది. 1920లో జనం తొమ్మిది వేలు దాటి ఉన్నారు, 2020లో నాలుగు వేల చిల్లర. మొదటి బైసన్ దిగింది 2005లో.

"రేపు మన దగ్గరా" అంటే, మన దగ్గర బైసన్ అని పిలిచేది అడవిదున్నని, అది వేరే జంతువు, పాపికొండల అడవిలో ఎప్పటి నుంచో ఉంది. మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో కనుమరుగైపోతే 2011లో కన్హా నుంచి తెచ్చి వదిలారు, అదీ పులుల అడవిలోకే. అన్నట్టు మెసేజ్ కింద పెట్టిన ఫొటో ఒకసారి పెద్దది చేసి చూడండి. గడ్డం లేదు, మెడ మీద జూలు లేదు, మోకాళ్ల కింద తెల్ల మేజోళ్లు తొడిగినట్టుంది. అమెరికా బైసన్ అని పెట్టింది మన అడవిదున్న ఫొటో.