బీచ్‌రోడ్డు ఒక్కటే విశాఖ కాదు

విశాఖకు చుట్టాలొస్తే ఆర్‌కే బీచ్, కైలాసగిరి, రుషికొండ చూపించి పంపేస్తున్నాం. పాతూరైన వన్‌టౌన్ పేరెత్తితే ఇరుకు వీధులని, బండి నిలిపే చోటుండదని ముఖం చిట్లిస్తున్నాం. ఈ ఊరు పుట్టి పెరిగిన చోటు అదే కాబట్టి, దాన్ని చూడనివారు విశాఖను చూసినట్టు కాదని నా గట్టి నమ్మకం.

ఓడరేవు ముఖద్వారం పక్కన ఉన్న మూడు కొండలనే తీసుకోండి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి గుడి, రాస్ కొండపై మేరీమాత చర్చి, మూడోదానిపై ఇషాక్ మదీనా దర్గా ఉన్నాయి. ఏ కొండ ఎక్కినా సముద్రంలోకి చొచ్చుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ, 1933లో మొదలైన రేవులోకి మెల్లగా వచ్చే ఓడలు కనిపిస్తాయి. పూర్వం ఆ దారిన వెళ్ళే ఓడలు జెండాను మూడుసార్లు దించి ఎత్తి దర్గాకు వందనం చేసేవని చెబుతారు. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గర్భాలయానికి పైకప్పు లేదు. కులభేదం లేకుండా ఎవరి చేతులతో వారే అమ్మవారికి పసుపుకుంకుమలు సమర్పించుకుంటారు. మార్గశిర గురువారాల్లో ఆ వీధులన్నీ జనంతో నిండిపోతాయి. బాలుడిగా సి.వి. రామన్ చదువుకున్న సెయింట్ అలోషియస్ పాఠశాల కూడా ఈ పాతూరిదే.

నన్ను కలచివేసేది ఇక్కడి పాత ఇళ్ళ పరిస్థితి. సున్నంతో కట్టిన గోడ తనలోని చెమ్మను బయటికి వదులుతుంది. బాగుచేస్తున్నామనుకుని దానిపై సిమెంటు పూయడంతో తేమ, సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు లోపలే చిక్కుకుపోతాయి. కొన్నాళ్ళకు పూత పొక్కి ఊడుతుంది, వెనకున్న ఇటుకను వేలితో గీస్తే ఎర్రటి పొడి రాలుతుంది. ఆపై ఇల్లు పాడైందని కూల్చేస్తారు. యజమానులను తప్పుపట్టలేను, ఎందుకంటే సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం, దొరికినా ఆ ఖర్చు సామాన్య కుటుంబం భరించగలిగేది కాదు.

అందుకే గోడలకు రంగులేసి, సెల్ఫీ బోర్డులు పెట్టి వారసత్వాన్ని కాపాడామనడం నాకు సమ్మతం కాదు. కురుపాం మార్కెట్‌లో తరాలుగా బంగారం పని చేస్తున్నవారిని, అరుగుల ఇళ్ళలో ఉంటున్నవారిని ఖాళీ చేయించి చేసే సుందరీకరణ అసలే వద్దు. పాత ఇంటి మరమ్మతుకు ప్రభుత్వం సాయమివ్వాలి, సున్నం పనిలో యువ మేస్త్రీలకు శిక్షణ ఇప్పించాలి, మూడు కొండలనూ కలుపుతూ నీడ, మంచినీరు ఉన్న నడకదారి వేయాలి. ఈ పనులను బీచ్‌రోడ్డు సోకులకంటే ముందు చేపట్టాలి.