వంశవృక్షం సాఫ్ట్‌వేర్: హెల్ప్‌డెస్క్ దగ్గర దొరకని జవాబులు

"మా ముత్తాతకు రెండు పుట్టిన తేదీలు దొరికాయి. రెండూ పెట్టడం ఎలా?" వంశవృక్షం సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు నలుగురు చేరిన చోటల్లా ఈ ప్రశ్న వస్తుంది. కంపెనీ హెల్ప్‌డెస్క్‌ను అడిగితే జవాబు సూటిగా ఉంటుంది: ఇంకో జనన వివరం చేర్చండి, రెండింట్లో ఒకదాన్ని ముఖ్యమైనదిగా గుర్తించండి. అందులో తప్పేం లేదు. తోటి యూజర్లను అడిగితే మాత్రం ముందు ఎదురు ప్రశ్న వస్తుంది: "ఆ రెండూ మీకు ఎక్కడ దొరికాయి?" ఒకటి చర్చి రిజిస్టర్‌లోది, రెండోది మరణ ధ్రువపత్రంలోది అని చెప్పారనుకోండి. రిజిస్టర్‌లో ఉన్నది పుట్టిన రోజో, బాప్టిజం రోజో ఒకసారి సరిచూసుకోమంటారు. మరణ పత్రంలోని వయసు పోయినాయన చెప్పింది కాదు కదా, పక్కనున్న ఎవరో అంచనాగా రాయించింది అయ్యుండొచ్చని గుర్తుచేస్తారు.

అడిగినవాళ్లకు అది సాఫ్ట్‌వేర్ సమస్యలాగే కనిపిస్తుంది. కాస్త లోపలికి వెళ్తే అది చరిత్ర ప్రశ్న. హెల్ప్‌డెస్క్‌లో కూర్చున్న మనిషికి బటన్లన్నీ తెలుసు గానీ, వాటి వెనకున్న గడిలో ఏం రాయాలో చెప్పడం ఆయన ఉద్యోగం కాదు. ఇవాళ ఉక్రెయిన్‌లో ఉన్న ల్వీవ్ నగరం 1918 దాకా ఆస్ట్రియా పాలనలో లెంబెర్గ్. ఆ తర్వాత పోలండ్‌లో ల్వూఫ్, సోవియట్ రోజుల్లో ల్వోవ్. అక్కడ 1890లో పుట్టిన మనిషి జన్మస్థలం గడిలో ఏ పేరు రాయాలి? ఆ కాలంలో అక్కడివాళ్లు వాడిన పేరే రాయాలన్నది వికీట్రీ అనే ఉమ్మడి వంశవృక్షం సైటు పద్ధతి. ఇవాళ్టి పేరు లేకపోతే మ్యాప్‌లో ఎలా దొరుకుతుందని వాదించేవాళ్లూ ఉన్నారు. నేను మొదటి పక్షమే. అయినా రెండోవాళ్ల గోడు అర్థం చేసుకోగలను.

తేదీలదీ అదే కథ. జార్జ్ వాషింగ్టన్ పుట్టినప్పుడు అక్కడి లెక్కలో అది 1731 ఫిబ్రవరి 11. బ్రిటన్, దాని వలసలు 1752లో క్యాలెండర్ మార్చుకున్నాక అదే రోజు 1732 ఫిబ్రవరి 22 అయింది. తేదీ పదకొండు రోజులు ముందుకు జరిగింది, సంవత్సరం మారిందేమో పాత లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి. ఇది తెలియనివాళ్లకు 1731 మార్చి చివర్లో ఒక బిడ్డ, 1731 ఫిబ్రవరిలో ఇంకో బిడ్డ పుట్టినట్టు కనిపిస్తే ఫిబ్రవరి బిడ్డే పెద్దది అనుకుంటారు. నిజానికి ఆ బిడ్డ పది నెలలు చిన్నది. సాఫ్ట్‌వేర్ కూడా పాపం అలాగే వరసపెడుతుంది. "1731/32 అని రెండూ రాయండి" అని చెప్పేది ఆ గుంటలో ఒకసారి పడి లేచిన మనిషే.

ఇక ఫైళ్ల సంగతి. ఒక ప్రోగ్రామ్‌లోని వృక్షాన్ని ఇంకోదానికి మోసుకెళ్లే ఫార్మాట్ పేరు జెడ్‌కామ్. లాటర్ డే సెయింట్స్ చర్చి 1980లలో తయారుచేసింది. ఓసారి నా ఫైలును దాంతోనే కొత్త కంప్యూటర్‌లోని వేరే ప్రోగ్రామ్‌కు మార్చాను. మనుషులందరూ వచ్చారు, ఫోటో ఒక్కటీ రాలేదు. ప్రోగ్రామ్ వాళ్లకు రాస్తే మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూడమన్నారు. ముఖం తెలియని ఒక యూజర్ మాత్రం, "ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి, ఎఫ్‌ఐఎల్‌ఈ అని ఉన్న లైన్లు చూడండి" అన్నారు. చూస్తే విషయం తేలిపోయింది. జెడ్‌కామ్‌లో ఫోటో ఉండదు, అది ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ దారి మాత్రమే ఉంటుంది. ఆ దారి కాస్తా పాత కంప్యూటర్‌ది. పాత ఫోల్డర్ పేరు తీసి కొత్తది పెట్టడం పది నిమిషాల పని. దానికి ముందు రెండు రోజుల టెన్షన్. ఫోటోలనూ కలిపి ఒకే మూటగా పంపే ఏర్పాటు 2021లో వచ్చిన 7.0 వెర్షన్‌తో గానీ రాలేదు.

ఈ తరలింపు ఒక్కసారితో పోయేది కాదు. వృక్షం తరాలపాటు నిలవాలని రాసుకుంటాం, ప్రోగ్రామ్ ఆయుష్షేమో చాలాసార్లు పది, ఇరవై ఏళ్లు. ఉచితంగా దొరికిన పర్సనల్ యాన్సెస్ట్రల్ ఫైల్, అంటే పీఏఎఫ్, 2013లో ఆగింది. ద మాస్టర్ జీనియాలజిస్ట్ 2014లో వెళ్లిపోయింది. 2015 డిసెంబర్‌లో ఫ్యామిలీ ట్రీ మేకర్ అమ్మకం ఆపేస్తున్నామని దాని కంపెనీ యాన్సెస్ట్రీ ప్రకటించగానే పెద్ద గగ్గోలే అయింది. రెండు నెలలు తిరక్కుండానే సాఫ్ట్‌వేర్ మెక్‌కీవ్ అనే కంపెనీ దాన్ని తీసుకుంది.

మాస్టర్ జీనియాలజిస్ట్ వాడినవాళ్ల కష్టం ఇంకో రకం. అందులో ఒక పెళ్లికి సాక్షులుగా ఉన్నవాళ్లందరినీ ఆ ఘటనకే కట్టి, ఎవరిది ఏ పాత్రో రాసుకోవచ్చు. అప్పటి జెడ్‌కామ్‌లో దానికి చోటు లేదు. మామూలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే వధూవరులు వస్తారు, సాక్షులు మాయం. ఏ వివరం ఎక్కడ జారిపోతుంది, ఏ ప్రోగ్రామ్ పాత ఫైలును నేరుగా చదువుతుంది అన్న లెక్కలు అప్పుడు యూజర్లే కూర్చుని తేల్చుకున్నారు. దుకాణం మూసిన కంపెనీని అడగలేం, వచ్చిన కొత్త కంపెనీకి పాతదాని లోపలి సంగతులు తెలియవు. రూట్స్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్ యూజర్లు ఇంకో అడుగు ముందుకెళ్లారు. దాని ఫైలు లోపల ఉన్నది ఎస్‌క్యూలైట్ అనే రకం డేటాబేస్ అని పట్టుకుని, ఏ టేబుల్‌లో ఏముందో తామే రాసిపెట్టుకున్నారు.

ఇంత చెప్పాను కదా అని యూజర్ల గ్రూపుల్లో అంతా పాలూ తేనే అనుకోవద్దు. వెతికితే ముందు దొరికేది తరచూ నాలుగు వెర్షన్ల కిందటి జవాబు. అందులో చెప్పిన మెనూ ఇప్పుడు ఉండదు. కొందరు పాతకాపులకు కొత్తవాళ్లంటే చిరాకు, ఆధారం రాయకుండా పేరు ఎక్కించారని తెలిస్తే క్లాసు పీకుతారు. అన్నిటికంటే నన్ను భయపెట్టేది మరొకటి: "నా ఫైలు తెరుచుకోవట్లేదు, చూడండి" అని మొత్తం జెడ్‌కామ్‌ను అందరి ముందూ పెట్టేయడం. బతికున్న అక్కాచెల్లెళ్ల పుట్టిన తేదీలు, అమ్మ పుట్టింటి పేరు అన్నీ అందులో ఉంటాయి. చాలా దేశాల్లో బ్యాంకులు అడిగిన రహస్య ప్రశ్నలకు జవాబులు అవే. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు బతికున్నవాళ్ల వివరాలు దాచే ఆప్షన్ చాలా ప్రోగ్రాముల్లో ఉంది. దాన్ని గుర్తుచేసేది కూడా మళ్లీ తోటివాళ్లే.

మరి ఇన్ని జవాబులూ ఎక్కడుంటున్నాయి? చాలావరకు కంపెనీల చేతుల్లోనే. యాన్సెస్ట్రీ చేతిలో ఉన్న రూట్స్‌వెబ్ అనే సైటు మెయిలింగ్ లిస్టుల్లో దశాబ్దాల పాటు జనం రాసుకున్నారు. 2020 మార్చిలో వాటికి కొత్త ఉత్తరాలు పంపడం ఆగిపోయింది, పాతవి చదువుకోవడానికి మాత్రం ఉంచారు. సోషల్ మీడియా గ్రూపుల్లో ఇంకా అన్యాయం, నిన్నటి జవాబు రేపటికి అడుగున పడిపోతుంది. ఫ్యామిలీ హిస్టోరియన్ అనే ప్రోగ్రామ్ యూజర్లు కంపెనీతో సంబంధం లేకుండా సొంత గ్రూపు నడుపుకుంటున్నారు, జవాబులను విషయాలవారీగా సర్ది పెట్టుకున్నారు. ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ గ్రాంప్స్‌కు వికీ ఉంది, దాన్ని యూజర్లే దిద్దుకోవచ్చు. ప్రోగ్రామ్ కొనేముందు ఫీచర్ల పట్టికతో పాటు ఇది కూడా చూడాలంటాను: దాని గురించి యూజర్లు రాసుకున్నది కంపెనీ పోయినా మిగిలే చోట ఉందా, లేదా.

పీఏఎఫ్ ఆగిపోయి పదేళ్లు దాటింది. పోయిన బంధువు కంప్యూటర్‌లో పీఏఎఫ్ ఫైలు దొరికింది, ఎలా తెరవాలో తెలియట్లేదు అని అడిగేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. యాన్సెస్ట్రల్ క్వెస్ట్ అనే ప్రోగ్రామ్‌తో ప్రయత్నించండి, పీఏఎఫ్ చివరి వెర్షన్లు తయారైంది దాన్నుంచే అని ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఆ జవాబులో మొదటి లైను మాత్రం వేరే: అసలు ఫైలు ముట్టుకోకండి, ముందు కాపీ తీసుకోండి.