వైఫైకి ఫుల్ ఫామ్ లేదండీ

మీ వ్యాసం బాగుంది గానీ, అందులో వైఫై అంటే ‘వైర్‌లెస్ ఫిడెలిటీ’ అని రాశారే, అక్కడే తేడా కొట్టింది. జీకే పుస్తకాల్లోనూ ఇదే బట్టీ పట్టిస్తారు లెండి. 1999లో ఈ టెక్నాలజీకి ఉన్న ‘ఐఈఈఈ 802.11బీ డైరెక్ట్ సీక్వెన్స్’ అనే నోరు తిరగని సాంకేతిక పేరుతో జనంలోకి వెళ్లలేమని దీన్ని ప్రచారం చేసే కంపెనీల కూటమి, బ్రాండ్లకు పేర్లు పెట్టే ఇంటర్‌బ్రాండ్ అనే సంస్థను పేరు అడిగితే, హైఫైకి (ఆడియోలో వాడే ‘హై ఫిడెలిటీ’కి పొట్టిపేరు) ప్రాస కుదిరేలా వైఫై అన్నారు, అంతే. అర్థం లేని పేరేంటని కొందరు సభ్యులు నసిగితే ఆ ఫిడెలిటీ ముక్కను ట్యాగ్‌లైన్‌లో తగిలించారు, తర్వాత పీకేశారు కూడా. ఇది కూటమి వ్యవస్థాపకుల్లో ఒకరైన ఫిల్ బెలాంజరే చెప్పిన సంగతి. ఫ్రాన్స్‌లో దీన్ని ‘వీఫీ’ అంటారు. జర్మనీలో ఎక్కువగా వినిపించేది వైర్‌లెస్ లాన్‌కి (తీగల్లేని లోకల్ నెట్‌వర్క్‌కి) పొట్టిపేరైన ‘వేలాన్’, హోటల్లో పాస్‌వర్డ్ అలా అడిగితే ఠక్కున ఇస్తారు.