క్యాన్సర్ ప్రమాణాలు ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లాలి

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేశాక, తీసిన భాగంలో కనీసం 12 లింఫ్ గ్రంథులను పాథాలజిస్టు పరీక్షించాలన్నది వైద్యులంతా ఒప్పుకున్న లెక్క. నాలుగైదు మాత్రమే చూసి ‘వ్యాధి పాకలేదు’ అని రాసిస్తే రోగి రెండో దశలో ఉన్నట్టు అవుతుంది. నిజానికి అది మూడో దశ కావచ్చు. అలాంటప్పుడు పడాల్సిన కీమో పడదు. కొన్నాళ్లకు వ్యాధి తిరగబెడితే ఇంట్లోవాళ్లు తలరాత అనుకుని సరిపెట్టుకుంటారు. గుర్తింపు పొందిన ఆస్పత్రిలోనూ ఇలా జరగడానికి ఆస్కారం ఉంది. ఎందుకంటే గుర్తింపు ఇచ్చేవాళ్లు చాలాకాలం ఆపరేషన్ ఎలా జరిగిందని అడగనే లేదు.

అమెరికాలో ఆ ప్రశ్న అడగడం మొదలైంది. అక్కడ 1922లో పుట్టిన కమిషన్ ఆన్ క్యాన్సర్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ కింద పనిచేస్తూ దాదాపు 1,500 ఆస్పత్రుల క్యాన్సర్ విభాగాలకు గుర్తింపు ఇస్తోంది. ఆ దేశంలో కొత్తగా బయటపడే క్యాన్సర్ కేసుల్లో సుమారు 70 శాతం వీటికే వస్తాయి. క్యాన్సర్ కమిటీ ఉందా, వేర్వేరు విభాగాల వైద్యులు కలిసి కేసులను చర్చించే ట్యూమర్ బోర్డు జరుగుతోందా, రోగుల వివరాలు నమోదుచేసే రిజిస్ట్రీ సక్రమంగా ఉందా అని మూడేళ్లకోసారి తనిఖీ చేసేవారు. అవన్నీ కావలసినవే, కాదనను. కానీ కమిటీ ఎన్నిసార్లు కూర్చున్నా, సర్జన్ గ్రంథులను పూర్తిగా తీయకపోతే రోగికి ఒరిగేదేమీ లేదు.

2020 ప్రమాణాల్లో ఈ లోటు పూడ్చే ప్రయత్నం జరిగింది. రొమ్ము, మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్), పెద్దపేగు, పురీషనాళం, ఊపిరితిత్తుల శస్త్రచికిత్సలకు ఆరు ప్రమాణాలు పెట్టారు. ఊపిరితిత్తి క్యాన్సర్ ఆపరేషన్‌లో రెండు ఊపిరితిత్తుల నడుమ ఉన్న గ్రంథుల్లో కనీసం మూడు వేర్వేరు స్థానాల నుంచి, ఊపిరితిత్తి మొదట్లో కనీసం ఒక స్థానం నుంచి నమూనా తీయాలి. పురీషనాళం మధ్య, కింది భాగాల్లో క్యాన్సర్ ఉంటే చుట్టూ ఉన్న కొవ్వు పొరను చిరగకుండా మొత్తంగా తీయాలి. తీసిన పొర పూర్తిగా ఉందా, దాదాపు పూర్తిగా ఉందా, అసంపూర్ణమా అన్నది పాథాలజిస్టు చూసి నివేదికలో రాయాలి. ఆ పొర చిరిగితే అక్కడే వ్యాధి తిరిగి మొలకెత్తే ముప్పు పెరుగుతుంది. ఈ రెండు ప్రమాణాలకూ మొదట 70 శాతం కేసుల్లో పాటిస్తే చాలన్నారు, తర్వాత 80కి పెంచారు. మెట్టుమెట్టుగా వెళ్లిన ఈ తీరు నాకు నచ్చింది.

అదే సవరణలో ఒక పాత నిబంధనను సడలించారు. చికిత్స ముగిసిన ప్రతి రోగి చేతికీ, జరిగిన వైద్యం, ఇకపై చేయించుకోవాల్సిన పరీక్షలు రాసిన ‘సర్వైవర్‌షిప్ ప్లాన్’ ఇవ్వాలని 2012 ప్రమాణాలు చెప్పాయి. 2015లో 10 శాతం మందికి, తర్వాత 25, ఆపైన 50 శాతం మందికి అంటూ లక్ష్యం పెంచుకుంటూ పోయారు. ఆలోచన మంచిదే. కానీ కెనడాలో 408 మంది రొమ్ము క్యాన్సర్ బాధితులతో జరిపి 2011లో ప్రచురించిన పరిశోధనలో, ఈ కాగితం అందుకున్నవారి మానసిక వేదన తగ్గినట్టు కనిపించలేదు. నర్సుల సమయమంతా ఫారాలు నింపడానికే పోతోందన్న గోడు ఆస్పత్రుల నుంచి వినిపించింది. 2020లో కాగితాన్ని తప్పనిసరి జాబితాలోంచి తీసి, చికిత్స తర్వాత రోగులకు అందించే సేవలను సమీక్షించుకోమన్నారు. కొత్త నిబంధన చేర్చడం ఎవరైనా చేస్తారు. తాము పెట్టిన నిబంధన ఫలించలేదని ఒప్పుకుని మార్చుకోవడమే అరుదు. సవరణ అంటే ఈ రెండూ ఉండాలని నా ఉద్దేశం.

చిన్న ఆస్పత్రులకు ఇవి భారమన్న అభ్యంతరం ఉంది. అందులో కొంత నిజముంది, పాథాలజిస్టుల కొరత ఎక్కడైనా సమస్యే. అయితే గ్రంథులు ఎన్ని దొరికాయో, ఎన్నింటిలో క్యాన్సర్ ఉందో నివేదికలో నిర్ణీత వరసలో రాయడానికి కోట్ల రూపాయల యంత్రాలేమీ అక్కర్లేదు. ఇది చాలావరకు అలవాటుకు, జవాబుదారీకి సంబంధించిన విషయం.

మన దగ్గరికి వద్దాం. మన దేశంలో ఏటా 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్ కేసులు వస్తున్నాయని అంచనా. ఆస్పత్రులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాలు ఇన్ఫెక్షన్ల నియంత్రణ, మందుల భద్రత, రికార్డుల వంటి విషయాల్లో మేలు చేశాయి. కానీ అవి ఆస్పత్రి మొత్తానికి వేసే కొలత. 2012లో ముంబయిలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి చొరవతో మొదలైన, క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఏ క్యాన్సర్‌కు ఏ వైద్యం చేయాలో మార్గదర్శకాలు రూపొందించింది. వాటిని పాటిస్తున్నారా అని అడిగే అధికారం ఎక్కువగా ఉన్నది డబ్బు చెల్లించేవారికే. అంటే ఆరోగ్యశ్రీ లాంటి పథకాలకే. 2007 నుంచి ఆ పథకం వేలాది పేద కుటుంబాలను అప్పుల ఊబి నుంచి కాపాడింది. ఇప్పుడు నాణ్యతను కూడా అడిగే స్థాయికి ఎదగాలి.

మొదటి అడుగుగా నేను కోరేది చిన్నదే. పెద్దపేగు ఆపరేషన్ క్లెయిమ్‌లో పరీక్షించిన గ్రంథుల సంఖ్య, పురీషనాళానికైతే తీసిన కొవ్వు పొర నాణ్యత, రొమ్ముకైతే తీసిన భాగం అంచుల్లో క్యాన్సర్ ఉందా లేదా, ఈ మూడూ తప్పనిసరిగా నింపాల్సిన గడులు కావాలి. మొదటి ఏడాది డబ్బు కోత వద్దు, వివరాలు రావడమే ముఖ్యం. రెండో ఏడాది ఏ ఆస్పత్రి ఎంత శాతం సాధించిందో అందరికీ కనిపించేలా ప్రకటించాలి.