ఒత్తు ‘ఛ’తో ఛార్జీ

హైదరాబాదులో సిటీ బస్సు ఛార్జీలు పోయినసారి ఎందుకు పెరిగాయో గుర్తుందా? ఛార్జింగ్ కోసం. ప్రాస కుదిరిందని అంటున్నానేమో అనుకోకండి, నిజంగానే. 2025 అక్టోబరు 6 నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనం. డీజిల్ బస్సులు పోయి 2,800 కరెంటు బస్సులు వస్తాయట, వాటికి కొత్త డిపోలు, ఛార్జింగ్ స్టేషన్లు కట్టాలట, అందుకని ఈ అదనం. అంటే ఛార్జీ మనం కడితే ఛార్జింగ్ బస్సుకు ఎక్కుతుంది. ఒకే మాట రెండుసార్లు వచ్చి రెండు అర్థాలిస్తే యమకం అని చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెప్పారు. అప్పుడు దానికి ఒక మార్కు మాత్రమే ఉండేది. ఇప్పుడు పది రూపాయలు.

నాలుగో స్టేజీ దగ్గరే పది ఎందుకైందని పాతబస్తీలో ఎవరినడిగినా చెబుతారు. చార్ అంటే నాలుగు. చార్ వచ్చింది, జీ, పది తీయండి. జీ అన్నది మర్యాదకు.

ఈ మాట మీద కొంత పరిశోధన చేశాను. దీనికంత అవసరముందా అంటే, సిటీ బస్సులో గంటన్నర నిలబడి వెళ్ళేవాడికి చేయడానికి వేరే పని ఏముంటుంది? ఇంగ్లీషు ఛార్జి వెనక్కి వెళ్తే ఫ్రెంచిలో, ఇంకా వెనక్కి వెళ్తే లాటిన్‌లో తేలుతుంది. అక్కడ దాని అర్థం బండికి బరువెత్తడం. కార్గో కూడా దాని చుట్టమే. ఆ పాత అర్థం యూరప్ వాళ్ళు ఎప్పుడో మర్చిపోయి ఉంటారు, మనవాళ్ళు మాత్రం పోనివ్వలేదు. నమ్మకపోతే సాయంత్రం ఆరింటికి కోఠిలో బస్సెక్కండి.

మాట తెచ్చుకున్నది ఇంగ్లీషు నుంచే అయినా దానికి ఒత్తు మనం పెట్టాం. ‘చ’ అల్పప్రాణం. ఇంత పెద్ద పనికి అల్పప్రాణం ఆనదనుకున్నారో ఏమో, పత్రికల వాళ్ళు దాన్ని మహాప్రాణం చేసి ‘ఛ’ అని రాశారు. ప్రాణాల లెక్క వాళ్ళకు బాగా తెలుసు. దీర్ఘం విషయంలోనూ అంతే జాగ్రత్త. కొత్త అధికారి వచ్చి తీసుకునేది ఛార్జి, హ్రస్వం. ఆయన తీసుకున్నాక మనం ఇచ్చుకునేది ఛార్జీ, దీర్ఘం. ఎంత దీర్ఘమన్నది ఆయన ఎన్నాళ్ళుంటాడన్న దాన్ని బట్టి.

అసలు మనకు మాటలు లేక కాదు. ఏరు దాటించినందుకు పడవవాడికి ఇచ్చేదాన్ని కేవు అనేవాళ్ళు. ఆ మాట పడవలతోనే పోయింది. తెలంగాణలో కిరాయి అంటాం. ఇంటికీ కిరాయే, ఆటోకూ కిరాయే. బయటి ఊళ్ళవాళ్ళు తికమకపడతారు గానీ, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర వానాకాలం ఆటోలో ఒక సాయంత్రం గడిపితే ఆ రెండింటికీ ఒకే మాట ఎందుకు సరిపోయిందో తెలిసిపోతుంది.

ఇక ‘సవరణ’. ఛార్జీలను ఎవరూ పెంచరు, సవరిస్తారు. ఆడవాళ్ళు జడలో పెట్టుకునే సవరం ఉంది చూడండి, అది పెడితే జడ పొడుగైందే తప్ప పొట్టిదైన దాఖలా లేదు. మెట్రో రైలునే తీసుకోండి. 2017 నవంబరులో మొదలైనప్పుడు కనీసం 10, గరిష్ఠం 60. 2025 మే 17న సవరం పెట్టారు: 12, 75. జనం గోల చేశారు. వారం తిరక్కుండా పది శాతం రాయితీ అన్నారు: 11, 69. అరవై ఇచ్చేవాడు అరవై తొమ్మిది ఇచ్చి, రాయితీ ఇచ్చినందుకు థాంక్స్ చెప్పాలి. నేను చెప్పాను కూడా, టికెట్ మిషన్‌కి.

కారణాలకైతే మనకు ఎప్పుడూ కరువు లేదు. 2022లో డీజిల్ ధర పెరిగిందని బస్సు టికెట్ మీద డీజిల్ సెస్ వేశారు. ఇప్పుడేమో డీజిల్ మానేస్తున్నామని వేశారు. రేపు ఎడ్లబండ్లు నడిపితే గడ్డి సెస్, గుర్రబ్బండ్లు నడిపితే నాడాల సెస్ వస్తాయి. ప్రయాణికులే పల్లకి మోసే రోజు వస్తే భుజాల అరుగుదల కింద ఎంతో కొంత ఉంటుంది.

నిద్ర పట్టని రాత్రుల్లో నేనొక సీన్ ఊహించుకుంటుంటాను. పాత డీజిల్ బస్సు. అందరూ పది రూపాయల అదనం కట్టేశారు. బషీర్‌బాగ్ చౌరస్తాలో బస్సు ఆగిపోతుంది. కండక్టరమ్మ లేచి, “దిగుండ్రి, దిగుండ్రి, జర తొయ్యాలె” అంటుంది.

“ఏమైంది బిడ్డా?” అంటాడు ముందు సీటు తాత.

“బ్యాటరీ డౌనయింది తాతా. ఛార్జింగ్ లేదు.”

“ఇందాక ఛార్జింగుకేనని పది రూపాయలు తీస్కుంటివి కదా?”

“అది ఈ బస్సుకు కాదు తాతా. రాబోయే బస్సుకు.”

“అది ఎప్పుడొస్తది?”

“పైసలు జమైనంక.”

తాత వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటాడు. “అంటే రాని బస్సుకు పైసలిచ్చి, వచ్చిన బస్సును తొయ్యాల్నా?”

“గంతే.”

ఈలోగా వెనక నుంచి ఒకాయన లేస్తాడు. ఇలాంటి ఒకాయన ప్రతి బస్సులో ఉంటాడు. “పైసలిచ్చినోళ్ళం మేమెందుకు తోస్తం? ఫ్రీగ వచ్చినోళ్ళు తొయ్యాలె” అని ఆడవాళ్ళ వైపు చూస్తాడు. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయిన 2023 డిసెంబరు 9 నుంచి ఆయన అలాగే చూస్తున్నాడు. కూరగాయల గంప పక్కన పెట్టుకున్న ఒకామె చేతిలోని జీరో టికెట్ ఆయన ముఖం ముందు పెడుతుంది. “చదువు అన్నా. ఏమున్నది దీని మీద? సున్నా. కాయితం మీద మేమే లేము. లేనోళ్ళు ఎట్ల తోస్తరు?”

ట్రాఫిక్ ఎస్సై బండి దిగి వస్తాడు. “ఎవరిక్కడ ఇన్‌ఛార్జి?” అని అరుస్తాడు. డ్రైవర్ కండక్టరమ్మను చూస్తాడు, ఆమె తాతను చూస్తుంది, తాత ఆకాశాన్ని చూస్తాడు. వెనక అబిడ్స్ దాకా హారన్లు. ఎస్సైకి చిర్రెత్తి, “ఐదు నిమిషాల్లో రోడ్డు క్లియర్ కాకపోతే లాఠీఛార్జి చేయిస్తా” అంటాడు.

తాత ముఖం వెలిగిపోతుంది. “చెయ్యి సారూ, జల్ది చెయ్యి. ఏ ఛార్జయితే ఏమున్నది, బస్సు స్టార్టయితే సాలు.”

ఇక్కడి దాకా నవ్వుకుంటాను. తర్వాత నవ్వు రాదు. బస్సును బషీర్‌బాగ్‌లోనే ఎందుకు ఆపానో నాకు తెలుసు. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీలు తగ్గించమని అసెంబ్లీకి బయల్దేరిన జనాన్ని అక్కడే ఆపారు. ఛార్జీల గురించి అడిగినవాళ్ళకు లాఠీఛార్జి దొరికింది, ఆపైన తుపాకీ కాల్పులు. ముగ్గురు చచ్చిపోయారు. యమకం, అలంకారం అని ఇంతసేపూ ముచ్చట్లు చెప్పానే, ఆ రోజు ఆ రెండు అర్థాలు అదే రోడ్డు మీద కలుసుకున్నాయి. ఇప్పుడు అదే చౌరస్తాలో సిగ్నల్ పడితే మనం ఫోన్ చూసుకుంటాం, ఛార్జింగ్ ఎంతుందోనని.

ఐదు రూపాయలకు, పది రూపాయలకు ఇంత గోలేమిటయ్యా అనే పెద్దమనుషులుంటారు. ఉంటారు, కార్లలో. పొద్దున ఆరింటికి అడ్డా మీద నిలబడే కూలీని అడగండి. పోను పది, రాను పది, రెండు బస్సులు మారితే నలభై. పాసు తీసుకోవచ్చు కదా అంటారు. రేపు పని దొరుకుతుందో లేదో తెలియనివాడు నెలకు ముందే డబ్బు కట్టి పాసు ఎట్లా తీసుకుంటాడు? పదకొండింటి దాకా నిలబడి, ఎవరూ పిలవకపోతే, వాడు ఖాళీ టిఫిన్ డబ్బాతో అదే బస్సెక్కి తిరిగి వస్తాడు. ఆ రోజు వాడి సంపాదన సున్నా. వాడికి జీరో టికెట్ లేదు. అప్పుడు కూడా రాబోయే బస్సు ఛార్జింగ్‌కు పది రూపాయలు ఇచ్చే దిగుతాడు. ఆ పది ఎవరి జేబులోంచి తీయాలో ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది. ఈ ఊళ్ళో ఫ్లైఓవర్ ఎక్కడానికి కారువాడి దగ్గర పైసా తీసుకోరు. ఎక్కు నాయనా అంటారు. బస్సులో నిలబడ్డవాడు మాత్రం పర్యావరణాన్ని కాపాడాలి. సిగ్గుండాలి!

సరే. సీను చివర ఏమవుతుందంటే, ఎవరూ బస్సును తొయ్యరు. తాత కండువా దులుపుకుని, మెల్లగా దిగి, లక్డీకాపూల్ వైపు నడక మొదలుపెడతాడు. కండక్టరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి పిలుస్తుంది. “తాతా, నీ టికెట్ వెనక చిల్లర రాసిన, తీస్కపో!”

తాత వెనక్కి తిరిగి చూడడు.

“ఛ!” అంటాడు. ఒత్తుతోనే.