రావిచెట్టు నూటికి నూరు పాళ్లు పీల్చేస్తుందా?

ఎండలు ముదిరాయంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. రావి కార్బన్ డయాక్సైడ్‌ను 100 శాతం, మర్రి 80 శాతం, వేప 75 శాతం పీల్చుకుంటాయట. రావి రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుందట. ప్రభుత్వాలు వీటిని నాటడం మానేసి యూకలిప్టస్ పెట్టడం వల్లే ఈ ఎండలట. ప్రతి 500 మీటర్లకు ఒక రావి నాటితే కాలుష్యం మాయమట.

రావి మీద నాకేం కోపం లేదు. పేచీ అంతా ఈ లెక్కలతోనే.

100 శాతం అంటే దేంట్లో 100 శాతం? ఆ ముక్క మెసేజ్‌లో ఉండదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉండేదే పది లక్షల పాళ్లలో 420 పైచిలుకు. అందులో చెట్టు ఎంత తీసుకుంటుందన్నది దాని వయసు, ఆకుల విస్తీర్ణం, అందే నీరు, ఎండను బట్టి మారుతుంది. కుండీలోని రావి మొక్కకూ గుడి ముందున్న మానుకూ ఒకే శాతం ఎలా వేస్తారు?

ఇక రాత్రి ఆక్సిజన్. కిరణజన్య సంయోగక్రియలో నీటి అణువు విడిపోయినప్పుడే ఆక్సిజన్ బయటికొస్తుంది, దానికి వెలుగు కావాలి. చీకట్లో రావి కూడా మనలాగే ఆక్సిజన్ వాడుకుంటుంది. అయినా గాలిలో దాదాపు 21 శాతం ఆక్సిజనే. నగరాల్లో కరువు నీడకు, ఆక్సిజన్‌కు కాదు. కోనోకార్పస్ ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుందన్న ప్రచారమూ ఈ బాపతుదే. ఆ చెట్టు వద్దనడానికి వేరే కారణాలున్నాయి, ఇది మాత్రం కాదు.

అసలు ప్రమాదం ఆ 500 మీటర్ల సలహాలో ఉంది. ఊరంతా ఒకే రకం చెట్టు ఉంటే ఒక్క తెగులుతో అన్నీ దెబ్బతింటాయి. 2021లో తెలంగాణలో వేపలకు ఏమైందో గుర్తుందా? కొమ్మల చివర్లు మంట తగిలినట్టు మాడిపోయాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి కాబట్టి సరిపోయింది. అమెరికాలో ఆ అదృష్టం కూడా లేదు. వీధుల వెంట వరసగా నాటిన ఎల్మ్ చెట్లు తెగులుకు పోయాయి. వాటి స్థానంలో చాలా ఊళ్లలో యాష్ అనే చెట్లు నాటారు. 2002లో డెట్రాయిట్ దగ్గర యాష్‌ను తొలిచే పురుగు బయటపడింది, వీధులు మళ్లీ బోసిపోయాయి. ఫ్రాంక్ సంటమూర్ అనే శాస్త్రవేత్త 1990లో ఒక కొలత చెప్పారు: నగరంలోని చెట్లలో ఒకే జాతి 10 శాతం, ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) 20 శాతం, ఒకే కుటుంబం (దగ్గరి ప్రజాతుల గుంపు) 30 శాతం దాటకూడదు. రావి, మర్రి, జువ్వి, మేడి అన్నీ ఒకే ప్రజాతి. అంటే మెసేజ్ చెప్పిన మూడింట్లో రెండు ఒకే గూటివి.

పైగా రావికి చోటు కావాలి. డివైడర్ మీదో, డ్రైనేజీ పక్కనో పెడితే దాని వేళ్లు గోడల్నే చీలుస్తాయి. పెద్ద పార్కులో అయితే ఒకటో రెండో తప్పక ఉండాలి. పండ్ల కోసం కోకిలలు, గోరింకలు, గబ్బిలాలు దిగుతాయి. చుట్టూ కానుగ, నేరేడు, పొగడ, రేల. కింద లాన్‌కు బదులు వాక్కాయ, తంగేడు, అడ్డసరం పొదలు. రేల ఆకు తిని పెరిగే సీతాకోకచిలుక గొంగళిపురుగుకు రావి ఆకు పనికిరాదు, కరివేపాకు మీద పెరిగే దానికీ అంతే. నాటే జాబితా పొడుగ్గా ఉంటేనే ఇవన్నీ పార్కులో కనిపిస్తాయి.

ప్రభుత్వాలు నాటడం మానేశాయా? తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం కార్యక్రమంలో వేప ముఖ్యమైన మొక్కల్లో ఒకటిగా ఉండేది. నాటినవి ఎన్ని బతికాయని అడగండి, అది న్యాయమైన ప్రశ్న.

యూకలిప్టస్ మాటలో కొంత నిజముంది. వానలు తక్కువ ఉన్నచోట అది నేలలో తేమను గట్టిగానే లాగుతుంది. కానీ మన దగ్గర జామాయిల్ ఎక్కువగా కాగితం గుజ్జు కోసం పొలాల్లో వేసే తోట. నగరంలో ఎండ మండిపోవడానికి దాన్ని నిందించి లాభం లేదు. పగలంతా వేడిని పీల్చుకుని రాత్రికి వదిలే కాంక్రీటు, తారు, పూడ్చేసిన చెరువుల ఊసు ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు.